పాత డైనింగ్ టేబుల్: కాళ్లకు తెల్ల రంగు, పైపలకకు స్టెయిన్. ఎక్కడ మొదలుపెట్టాలి?

నాగావళి_గట్టు
బదిలీ మీద శ్రీకాకుళం విడిచి వెళ్తున్న ఒక కుటుంబం దగ్గర ఆరుగురు కూర్చునే డైనింగ్ టేబుల్, దానితో పాటు కుర్చీలు కొన్నాము. టేబుల్ పొడవు ఐదు అడుగులు, వెడల్పు మూడు అడుగులు. టేకు అని చెప్పి అమ్మారు. వేడి గిన్నెలు దించిన చోట తెల్లని వలయాలు ఉన్నాయి, ఇనుప మూకుడు నిలిచిన మూలలో ఒక నల్లని వలయం ఉంది, పాత మెరుపు పొర పొలుసులుగా లేస్తోంది, ఒక కాలు ఊగుతోంది. కాళ్లకు తెల్ల రంగు వేసి, పైపలకకు ముదురు గోధుమ రంగు స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) పట్టించి, చెక్క గీతలు కనిపించేటట్లు ఉంచుకోవాలని మా ఆలోచన. పాలిష్ మేస్త్రిని పిలిస్తే, అంతా గీకేసి డార్క్ వార్నిష్ రెండు కోటింగులు కొట్టేస్తే సరిపోతుందని, తెలుపు జోలికి పోవద్దని ఒక్క మాటలో తేల్చేశారు. దుకాణాలకు వెళ్తే ఒక్కొక్కరు ఒక్కొక్క డబ్బా చేతిలో పెడుతున్నారు గానీ, దేని తరువాత ఏది వేయాలో ఎవరూ చెప్పడం లేదు. ఈ పని సొంతంగా చేసుకోవచ్చా?

గంటస్తంభం
చేసుకోవచ్చు. అయితే ఇప్పుడే ఏ డబ్బా కొనవద్దు. ముందు టేబుల్‌ను దుప్పటి మీద బోర్లించి, అడుగు భాగాన్ని పగటి వెలుగులో చూడండి. పైన కనిపించే చెక్క గీతలు అంచు మీదుగా కిందికి కొనసాగితే అది నిండు చెక్క. అంచున వేలెడు వెడల్పున వేరే పట్టీ అంటించి ఉంటే, లోపల ప్లైవుడ్, దాని మీద వెనీర్, అంటే అంటించిన పలుచని చెక్క పొర, ఉన్నట్టు. ఏ డబ్బా కొనాలో, ఎంత గట్టిగా రుద్దవచ్చో అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

చీపురుపల్లి_చిత్రిక
గంటస్తంభం గారు చెప్పినదానికి కొంత కలుపుతాను. టేకును పైన ఉన్న రంగును బట్టి గుర్తుపట్టలేము, ఎందుకంటే పాలిష్ వేసిన మద్ది కూడా, వేప కూడా టేకులాగే కనిపిస్తాయి. ఎవరూ పాలిష్ వేయని అడుగు భాగంలో ఒక చిన్న చోట గరుకు కాగితంతో రుద్ది చూడండి. టేకు అయితే బంగారు ఛాయ గల గోధుమ రంగు బయటపడుతుంది, చేతికి కొంచెం నూనె జిడ్డు తగులుతుంది, పాత తోలు వాసన వంటి వాసన వస్తుంది. మద్ది దానికన్నా బరువుగా, ముదురుగా ఉంటుంది. టేకు అయినంత మాత్రాన మురిసిపోనక్కరలేదు, అందులో చేవ (మాను నడిమి గట్టి భాగం) ఎంత, తెల్ల చెక్క (బెరడు పక్క భాగం) ఎంత అన్నదే అసలు ప్రశ్న. పురుగు చేవను దాదాపు ముట్టుకోదు, పిండి పదార్థం ఉన్న తెల్ల చెక్కను మాత్రం వదలదు. గుండుసూది తలంత రంధ్రాలు, వాటి కింద మైదాపిండి వంటి పొడి కనిపిస్తే రంగు సంగతి తరువాత, ముందు పురుగు సంగతి చూడాలి.

ఎత్తుబ్రిడ్జి
మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో అమ్మకానికి వచ్చిన ప్రతి బల్లా టేకే. అది మామిడిగా మారేది కొన్నవారి ఇంటికి చేరిన తరువాత.

నాగావళి_గట్టు
బోర్లించి చూశాము. ఎత్తుబ్రిడ్జి గారి మాటే సగం నిజమైంది. పైపలక అంచు చుట్టూ పట్టీ ఉంది, లోపల ప్లైవుడ్ పొరలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. పైన ఉన్నది టేకు వెనీర్ కావచ్చు. కాళ్లు, వాటిని కలిపే చట్రం మాత్రం నిండు చెక్కే, ఎర్రటి ఛాయతో చాలా బరువుగా ఉన్నాయి. రెండు కాళ్ల అడుగున చిన్న రంధ్రాలు ఉన్నాయి, పొడి మాత్రం రాలడం లేదు. మోసపోయామా?

గంటస్తంభం
మోసమేమీ లేదు. సరైన ప్లైవుడ్ మీద అంటించిన వెనీర్ వానాకాలంలో ఉబ్బదు, వేసవిలో పగలదు; నిండు పలకకు ఆ బెడద తప్పదు. మీరు గుర్తుపెట్టుకోవలసినది ఒక్కటే. ఈ వెనీర్ మందం అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది, అంటే అప్పడం కన్నా పలుచన. దాని మీద సాండింగ్ మిషన్ పెట్టకూడదు, బాగా గరుకైన 80 నంబరు కాగితం అసలే పెట్టకూడదు. ఒక్క చోట వెనీర్ అరిగి కింది ప్లైవుడ్ బయటపడితే, ఏ స్టెయినూ ఆ మచ్చను దాచలేదు. మేస్త్రి గారు "అంతా గీకేస్తే" అన్నది నాకు భయం కలిగించిన మాట. పాత పొరను మందుతో మెత్తబరిచి తీయాలి, రుద్ది తీయకూడదు.

రంగుడబ్బా
నేను ఈ పనిలోనే ఉన్నాను, శ్రీకాకుళంలోనే. నా అభిప్రాయం వేరు. వెనీర్ పొలుసులు లేచిన బల్లకు స్టెయిన్ వేయడం కన్నా మొత్తం రంగు వేసేయడం మేలు. లప్పం పెట్టి, ప్రైమర్ వేసి, పైన ఎనామెల్ వేస్తే లోపాలన్నీ మూసుకుపోతాయి. స్టెయిన్ లోపాలను మూయదు సరికదా, ఎత్తి చూపిస్తుంది. గీత పడిన చోట ముదురుగా, జిగురు అంటిన చోట తెల్లగా తేలిపోతుంది. పిల్లలు ఉన్న ఇల్లయితే ఈ సంగతి ఇంకా ఆలోచించుకోవాలి.

బొబ్బిలి_పనస
రంగుడబ్బా గారూ, నాగావళి_గట్టు గారు లేస్తోందన్నది పాత మెరుపు పొర గురించి, వెనీర్ గురించి కాదు. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. వెనీర్ గట్టిగా అంటుకుని ఉంటే దాని మీద రంగు పూయడం అన్యాయం. పైగా భోజనాల బల్ల పైభాగానికి మామూలు ఎనామెల్ వేస్తే వేడి కంచం అడుగు అంటుకుంటుంది, పసుపు మరక ఎన్నటికీ పోదు. మా ఊరి పక్కనున్న గొల్లపల్లిలో వీణలు పనస చెక్కతోనే చేస్తారు. పసుపుగా ఉన్న పనస చెక్క ఏళ్లు గడిచేకొద్దీ దానంతట అదే ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. అలాంటి చెక్కను చూస్తూ పెరిగినవాడిని కనుక రంగు డబ్బా పేరెత్తితేనే నాకు కోపం వస్తుంది. మీ పేరు మీద కాదు సుమా.

రంగుడబ్బా
వెనీర్ వేలితో తట్టి చూడమనండి. బోలు శబ్దం వస్తే లోపల వదిలేసినట్టే. రాకపోతే స్టెయిన్‌కు నేనూ ఒప్పుకుంటాను.

నాగావళి_గట్టు
తట్టి చూశాను. ఒక్క మూలలో, అదీ నల్లని వలయం దగ్గర మాత్రమే, బోలుగా వినిపిస్తోంది.

చీపురుపల్లి_చిత్రిక
ఆ ఒక్క మూలే అయితే చిన్న పని. పదునైన బ్లేడుతో చెక్క నార పోయే దిశలోనే సన్నగా చీల్చి, సిరంజితో ఫెవికాల్ లోపలికి ఎక్కించి, పైన ప్లాస్టిక్ కాగితం పరిచి, చదునైన చెక్క ముక్క పెట్టి, బరువు ఉంచి ఒక రాత్రి వదిలేయండి. బయటికి పొంగిన జిగురును వెంటనే తడిగుడ్డతో తుడిచేయాలి, ఎందుకంటే ఆరిన జిగురు మీద స్టెయిన్ పట్టదు.

రసాయనశాల
పైన ఉన్న పాత పొర ఏమిటో తెలుసుకోకుండా దాన్ని తీసే మందు చెప్పలేము. కనిపించని మూలలో దూదితో మొదట స్పిరిట్ అద్దండి. ఒకటి రెండు నిమిషాలలో జిగటగా మారితే అది లక్కతో చేసిన ఫ్రెంచ్ పాలిష్. మారకపోతే పక్కనే ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ అద్దండి. దానికి మెత్తబడితే ఎన్.సి. లాకర్. రెండింటికీ చలించకపోతే మెలమైన్ గానీ పి.యు. (పాలీయురేథేన్) గానీ అయి ఉంటుంది, అప్పుడు పెయింట్ రిమూవర్ తప్పదు. రిమూవర్ చర్మాన్ని కాలుస్తుంది, దాని ఆవిరి తల తిప్పుతుంది. రసాయనాలకు తట్టుకునే చేతితొడుగులు వేసుకుని, వరండాలో, గాలి ఆడే చోట మాత్రమే వాడాలి.

ఇక వలయాల సంగతి. తెల్ల వలయం అంటే తేమ మెరుపు పొరలో చిక్కుకున్నదని అర్థం, అది చెక్కదాకా దిగలేదు, పాత పొరతో పాటే పోతుంది. నల్ల వలయం చెక్కలోనే ఉంది. ఇనుము, తడి, చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం కలిసి చేసిన సిరా అది. రుద్దితే పోదు, రుద్దుతూ పోతే ముందు మీ వెనీర్ పోతుంది. దానికి ఆక్సాలిక్ ఆమ్లం వాడాలి. గోరువెచ్చని నీటిలో కరిగించి, బ్రష్‌తో ఆ మచ్చ మీద మాత్రమే రాసి, మచ్చ వెలిసిన తరువాత మంచినీటి గుడ్డతో పలుమార్లు తుడవాలి. కింద ప్లైవుడ్ ఉంది కనుక నీరు నిలవనివ్వకూడదు. ఆమ్లం పొడి ముక్కులోకి పోకుండా మాస్కు పెట్టుకోవాలి, పిల్లలకు అందకుండా ఉంచాలి, అది విషం. ఇదే కారణం చేత తడి చెక్క మీద ఇనుప పీచు వాడవద్దు. విరిగిన పీచు ముక్క ఒక్కొక్కటి ఒక్కొక్క నల్ల చుక్క పెడుతుంది.

నాగావళి_గట్టు
స్పిరిట్‌కు ఏమీ కాలేదు, థిన్నర్‌కు జిగటగా అయింది. అంటే ఎన్.సి. లాకర్ అన్నమాట. మాస్టారూ, కుర్చీల విషయం చెప్పడం మరచాను. వాటికి ఎప్పుడో వేసిన ఆకుపచ్చ ఎనామెల్ రంగు ఉంది, అది కూడా పెచ్చులూడుతోంది. వాటిని గీకవచ్చా?

రసాయనశాల
పొడిగా గీకవద్దు. ఇళ్లలో వాడే రంగులలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నియమాన్ని కేంద్రం 2016లో ప్రకటించింది, అది అమలులోకి వచ్చినది 2017 నవంబరులో. అంతకుముందు వేసిన రంగులలో, ముఖ్యంగా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ఎనామెళ్లలో, సీసం ఉండే అవకాశం ఉంది. ఆ ధూళి పిల్లల మెదడుకు హాని చేస్తుంది. తడిపి రుద్దే వాటర్ పేపర్ గానీ, రిమూవర్ గానీ వాడండి. వచ్చిన చెత్తను కాగితంలో మూటకట్టి పారేయండి, పెరట్లో ఊడ్చి వదిలేయవద్దు, పొయ్యిలో అసలే వేయవద్దు. పెచ్చులు లేవని భాగాన్ని అలాగే ఉంచి, పైన కొత్త రంగు వేయడం ఇంకా క్షేమం.

ఉద్దానం_జీడితోట
కాళ్ల అడుగున రంధ్రాలు ఉన్నాయన్నారు కనుక మా పలాస వైపు పద్ధతి చెబుతాను. జీడి పిక్కల పెంకు నుంచి తీసిన నూనె పూస్తే చెద పట్టదు, పురుగు పట్టదు. పడవల చెక్కకు కూడా పూస్తారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు మా ఉద్దానంలో జీడి, కొబ్బరి, పనస చెట్లు కూలిపోయినప్పుడు, పడిపోయిన పనస చెట్టును కోయించి బల్ల చేయించుకున్నాము. దాని కాళ్లకు అడుగున ఆ నూనే పూశాము. ఇప్పటికీ గట్టిగా ఉంది.

రసాయనశాల
నూనె పనిచేస్తుందన్నది నిజమే, కానీ చేయి తగిలే చోట పూయడం ప్రమాదం. జీడి పెంకు నూనెలోని ఆమ్లాలు చర్మం మీద పొక్కులు లేపుతాయి. జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూసినవారికి నేను చెప్పనక్కరలేదు. అన్నం తినే బల్లకు, పిల్లల మోకాళ్లు రాసుకునే కాళ్లకు అది వద్దు. బోరిక్ ఆమ్లం, బొరాక్స్ కలిపిన వేడి నీటి ద్రావణాన్ని రంధ్రాలలోకి సిరంజితో ఎక్కించి, పైన బ్రష్‌తో రెండుసార్లు పూసి, పూర్తిగా ఆరనివ్వండి. ఇది రంగు వేయక ముందే చేయాలి, మెరుపు పొర ఉన్న చెక్కలోకి ద్రావణం దిగదు.

ఉద్దానం_జీడితోట
నేను చెప్పినది నేలకు ఆనే అడుగు భాగానికి మాత్రమే, మాస్టారూ. అయినా మీ మాట ఒప్పుకుంటున్నాను.

ఎత్తుబ్రిడ్జి
అల్లుడు వచ్చినప్పుడు కుర్చీకి పూస్తే ఎక్కువ రోజులు కూర్చోడు కదా.

చీపురుపల్లి_చిత్రిక
ఊగే కాలు గురించి ఎవరూ మాట్లాడలేదు. దానికి మేకు కొట్టించవద్దు. కాలును చట్రం నుంచి పూర్తిగా విడదీసి, కుసి (రంధ్రంలో దూరే కొస) మీద, తొలి (ఆ రంధ్రం) లోపల ఉన్న పాత జిగురును గీకి తీసేసి, కొత్తగా ఫెవికాల్ పట్టించి, తాడుతో బిగించి ఒక రోజు ఉంచాలి. పాత జిగురు మీద కొత్త జిగురు నిలవదు. కుసి అరిగి వదులుగా ఉంటే పలుచని చెక్క చీలిక జిగురుతో అంటించి బిగువు చేయండి. ఇదంతా రంగుకు ముందు చేసే పని. రంగు వేసిన తరువాత కాలు బిగిస్తే కీళ్ల దగ్గర రంగు చిట్లుతుంది.

రంగుడబ్బా
తెల్ల రంగు వద్దని ఆ మేస్త్రి ఎందుకన్నారో ఇప్పుడు అర్థమైంది. ఎర్రటి బరువైన చెక్క మీద తెలుపు నేరుగా వేస్తే, లోపలి రంగు ఊరి పైకి వస్తుంది. ఇప్పుడు తెల్లగా ఉన్నది కొద్ది వారాలలో గులాబీ మచ్చలు, గోధుమ చారలు వేస్తుంది. ఇంకొక కోటింగు వేసినా అదే తంతు. నీటితో కలిపే ప్రైమర్ అయితే ఈ ఊట మరీ ఎక్కువ. మా పక్క వీధిలో ఒకరి తలుపులకు ఇలాగే జరిగి, చివరికి ముదురు రంగు వేసుకున్నారు. దీనికి మార్గం ఉంది. కాళ్లను 120తోనూ, తరువాత 180తోనూ రుద్ది, ధూళి తుడిచి, స్పిరిట్‌లో కరిగించిన లక్కను రెండు పలుచని కోటింగులు వేయాలి. లక్క ఆ ఊటను ఆపుతుంది. తేలికగా రుద్ది, ప్రైమర్ వేసి, గుంటలకు లప్పం పెట్టి, మళ్లీ రుద్ది, అప్పుడు తెలుపు వేయాలి. ఆ తెలుపు కూడా నూనె ఎనామెల్ అయితే వెలుతురు తక్కువగా ఉండే గదిలో పసుపుకు తిరుగుతుంది. నీటితో కలిపే యాక్రిలిక్ ఎనామెల్ అయితే తెలుపు నిలుస్తుంది.

నాగావళి_గట్టు
ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. పైపలకకు ఇక స్టెయిన్ ఎలా వేయాలి?

గంటస్తంభం
పాత లాకర్‌ను థిన్నర్ తడిపిన గుడ్డతో కొంచెం కొంచెంగా మెత్తబరిచి, ప్లాస్టిక్ గరిటెతో చెక్క గీతల దిశలోనే తీయండి. లోహపు గరిటె వెనీర్‌ను చీలుస్తుంది. పొర అంతా పోయాక 180, ఆ తరువాత 220 కాగితంతో, చేతితోనే, గీతల వెంట తేలికగా రుద్దితే చాలు. అడ్డంగా రుద్దిన ప్రతి గీతా స్టెయిన్ పడగానే నల్లగా లేస్తుంది. 400 దాకా నున్నగా చేయవద్దు, చెక్క స్టెయిన్‌ను పీల్చుకోదు. స్టెయిన్‌ను ముందుగా అడుగు భాగంలో కాదు, పైపలక చెక్కతోనే చేసిన ఏదైనా చోట, ఉదాహరణకు అంచు పట్టీ కింద, రాసి చూడండి. మీ అడుగున ఉన్నది వేరే ప్లై కనుక అక్కడ రంగు వేరుగా వస్తుంది. అంచు పట్టీ నిండు చెక్క, పైన ఉన్నది వెనీర్, కాబట్టి ఆ రెండింటి మధ్య కూడా ఛాయలో తేడా రావచ్చు.

బొబ్బిలి_పనస
టేకులో సహజంగా నూనె ఉంటుంది. స్టెయిన్‌కు కొద్దిసేపటి ముందు థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడిస్తే రంగు సమంగా పడుతుంది. గుడ్డతో రాసి, కొద్ది నిమిషాలు ఆగి, మిగిలినది తుడిచేయాలి. తుడవకుండా వదిలేసిన స్టెయిన్ ఆరదు, దాని మీద వేసినది నిలవదు. ముదురు రంగు కావాలనుకుంటే రెండోసారి రాయండి గానీ మొదటిసారే మందంగా పూయవద్దు. స్టెయిన్ ఒక రోజు పూర్తిగా ఆరాకే పైకోటింగు. పైకోటింగుగా నా ఓటు అవిసె నూనెకే.

అరసవల్లి_ఎండ
రోజూ పప్పు, పులుసు ఒలికే బల్లకు అవిసె నూనె ఏమి చాలుతుంది? నీటి చుక్క కాసేపు నిలిస్తే మచ్చ పడుతుంది.

బొబ్బిలి_పనస
పడితే మళ్లీ నూనె రాసుకోవచ్చు. పి.యు. గీతపడితే మొత్తం తీయాలి. పాతకాలంలో తలుపులకు ఇప్ప నూనె రాసేవారు.

రసాయనశాల
ఇప్ప నూనె, ఆముదం, కొబ్బరి నూనె ఎన్నాళ్లున్నా గట్టిపడవు, జిడ్డుగా ఉండి ధూళిని పట్టుకుంటాయి. గాలికి ఆరి గట్టిపడేది అవిసె నూనె. అది వాడేవారు ఒక్క జాగ్రత్త తప్పకుండా తీసుకోవాలి. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకూడదు. నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి చిక్కుకుని, నిప్పు తగలకుండానే మంట లేస్తుంది. గుడ్డలను విప్పి ఆరుబయట పరచాలి, లేదా నీటిలో ముంచి మూత ఉన్న డబ్బాలో వేయాలి. నూనెతో చేసిన స్టెయిన్ గుడ్డలకూ ఇదే నియమం.

రంగుడబ్బా
రోజూ వాడే బల్లకు రెండు డబ్బాలలోనివి కలిపి వేసే పి.యు. వేయడమే సరైన పని. వేడికి, నీటికి, పసుపుకు తట్టుకుంటుంది. డబ్బా మీద రాసిన పాళ్లలో హార్డ్‌నర్ (గట్టిపరిచే రెండో డబ్బాలోనిది) కలపాలి, ఆ పూట వాడేంతే కలపాలి, మిగిలినది గట్టిపడిపోతుంది. దాని ఆవిరి ఊపిరితిత్తులకు చెడ్డది, కిటికీలు తెరిచి, మాస్కు పెట్టుకుని బ్రష్‌తోనే వేయండి, స్ప్రే జోలికి పోవద్దు. మెలమైన్ చవక, మెరుపు కూడా బాగుంటుంది, కానీ కళ్లు మండే వాసన చాలా రోజులు పోదు. పాత ఎన్.సి. లాకర్ ఎక్కడైనా మిగిలి ఉంటే దాని మీద పి.యు. ముడతలు పడుతుంది, కాబట్టి మూలలు మళ్లీ చూసుకోండి. కోటింగుకు కోటింగుకు మధ్య 320 కాగితంతో తేలికగా రుద్దాలి. లీటరుకు దాదాపు 8 నుంచి 10 చదరపు మీటర్లు వస్తుంది. మీ పైపలక ఒకటిన్నర చదరపు మీటరు కూడా లేదు, మూడు కోటింగులకు అర లీటరు చాలు. దుకాణంలో పెద్ద డబ్బా అంటగడితే తీసుకోవద్దు.

అరసవల్లి_ఎండ
ఈ అక్టోబరు గాలిలో ఎవరూ మెరుపు వేయకండి. మొన్న మా ఇంటి గుమ్మానికి ఎన్.సి. వేసిన వారు వానపట్టిన సాయంత్రం వేశారు, తెల్లారేసరికి మంచు పట్టినట్టు తెల్లబారింది. థిన్నర్ వేగంగా ఆవిరై ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద దిగుతుంది. తుఫాను హెచ్చరిక ఉన్న వారం మానేసి, తెరిపి ఇచ్చిన రోజున పొద్దెక్కాక మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించండి. అలాగని ఆరడానికి ఎండలో పెట్టవద్దు, వెనీర్ బుడగలు లేస్తుంది. పేరు ఎండ అని పెట్టుకుని ఈ మాట చెప్పవలసి వస్తోంది.

చీపురుపల్లి_చిత్రిక
అడుగు భాగానికి కూడా ఒక కోటింగు వేయండి. పైన మూసి కింద వదిలేస్తే ఒకవైపు నుంచే తేమ ఎక్కి పలక వంగుతుంది. ప్లైకి ఇది తక్కువే, నిండు చెక్కకు మాత్రం తప్పనిసరి.

నాగావళి_గట్టు
తెరిపి వచ్చే దాకా కాలు బిగించడం, పురుగు మందు, లక్క కోటింగు పూర్తి చేసుకుంటాము. పి.యు. వేసిన తరువాత ఎన్నాళ్లకు భోజనం చేయవచ్చు? మా ఇంట్లో వారు పైన అద్దం వేయిద్దామంటున్నారు.

బొబ్బిలి_పనస
అద్దం వేసేటట్లయితే ఇంత తగవు పడి స్టెయిన్ వేయడం ఎందుకండీ?

రంగుడబ్బా
మరునాటికి చేతికి అంటదు, కానీ లోపల గట్టిపడటానికి వారం పడుతుంది. ఆ వారం వేడి గిన్నె, తడి గుడ్డ వద్దు. అద్దం వేయాలంటే నెల ఆగండి. అద్దానికి, చెక్కకు మధ్య మూలల్లో రబ్బరు బొత్తాలు పెట్టండి. లేకపోతే నీరు చిక్కుకుని మళ్లీ తెల్ల వలయాలు వస్తాయి, అద్దం పొరకు అంటుకుని ఊడదీసేటప్పుడు పొరను లాక్కొస్తుంది కూడా.